నోరెత్తని పిల్ల

మా తిరువూరులో నోరెత్తని పిల్లకు ఉన్నంత గిరాకీ మామిడికాయకు కూడా లేదు. ఏడవని పసిబిడ్డ బంగారం, ఎదురు చెప్పని కూతురు బంగారం, చెప్పినదానికల్లా తలూపే నర్సు అయితే మేలిమి బంగారం. నేను కాన్పుల వార్డులో నర్సుని. తలూపడం నాకు సరిగ్గా రాదు. రోగిని చూడండి, రోగిని అడగండి అని మాకు చదువులో నేర్పారు. వార్డులోకి వచ్చాక తెలిసింది, రోగి తప్ప అందరూ జవాబు చెబుతారని.

పోయిన వానాకాలంలో వినగడప నుంచి ఒక అమ్మాయి తొలికాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మర్నాడు పొద్దున నేను డ్యూటీకి రాగానే ఆ అమ్మాయి తల్లి ఎదురొచ్చి నా చేతిలో స్టీలు డబ్బా పెట్టింది.

"మా గేదె ఈనింది సిస్టరమ్మా. జున్ను. మిరియాలు బాగా వేయమని చెప్పి ఇంటి నుంచి తెప్పించాను."

మంచి మనిషే, కాదనను. తన సంచీ తగిలించింది మాత్రం గోడమీద తల్లిపాల బొమ్మ వేలాడే మేకుకే. ముర్రుపాలే బిడ్డకు మొదటి ఆహారం అని రాసిన ముక్క సంచీ వెనక్కి పోయింది. కనబడినా ఎవరూ చదవరు లెండి.

"పాప పాలు తాగుతోందా?" అని బాలింతను అడిగాను.

"బంగారమండి. రాత్రంతా కిక్కురుమనలేదు," అంది తల్లి. "మా పిల్లా అంతే, చిన్నప్పట్నుంచీ నోరెత్తి ఎరగదు."

బాలింత నావైపు చూసి, తల్లివైపు చూసి, దుప్పటి సర్దుకుంది.

పాప అరికాలి మీద వేలితో తట్టాను. కళ్ళు తెరవలేదు. ఇంకాస్త గట్టిగా తట్టితే పిల్లికూనలా ఒక్కసారి మూలిగి ఊరుకుంది. నోట్లో తడి లేదు. పక్కగుడ్డ పొడిగా ఉంది. నాకు భయం వేసింది.

"ఏం పట్టారు దీనికి?"

"పంచదార నీళ్ళండి, చెంచాడు. పాలు పిండి పారబోయించాను. పచ్చగా, చిక్కగా ఉన్నాయి, అరగవు కదా. మూడోరోజుకి మంచిపాలు పడతాయి."

డాక్టరుగారిని పిలిచాను. మడమలో సూది గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర తక్కువగా ఉంది. తల్లిపాలు పిండి వెంటనే పట్టమన్నారు. గంటలో తేరుకోకపోతే విజయవాడ పంపాల్సిందే, అంబులెన్సుకు చెప్పి ఉంచమన్నారు. ఆయన అటు తిరగ్గానే "ఆ పచ్చపాలేనా?" అని మొదలుపెట్టింది అమ్మమ్మ. నాకు ఒళ్ళు మండింది.

"పెద్దమ్మా, మీ దూడకి పట్టాకే జున్నుపాలు పిండారా, ముందే పిండేసుకున్నారా?"

"అదేంటమ్మా, ముందు దూడకి తాగించొద్దూ? ముర్రుపాలు పడకపోతే దూడ బతుకుతుందా?"

ఆవిడ డబ్బావైపు చూసింది, మనవరాలివైపు చూసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఒక్కదాన్నే అనడమెందుకు, రెండు డిగ్రీలున్న మా వదిన తన కొడుక్కి మొదట నాకించింది తేనె. గేదె విషయంలో మనందరం డాక్టర్లమే.

బాలింత ఎవరూ చెప్పకముందే లేచి కూర్చుని పాలు పిండింది. పసుపుపచ్చటి చుక్కలు. ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పెదవులకు తాకిస్తే పాప చప్పరించింది, తర్వాత మింగింది. బాలింత గుండెలకు ఆనించి పడుకోబెట్టాం. గంటకు మళ్ళీ చూస్తే చక్కెర పెరిగింది. అంబులెన్సు వద్దని చెప్పేశాం.

ఆ తర్వాత పాప గుక్కపట్టి వార్డు అదిరేలా ఏడ్చింది. పక్క మంచాలవాళ్ళు విసుక్కున్నారు. అమ్మమ్మ అలవాటు కొద్దీ చేతులు చాపింది.

"ఊరుకో ఊరుకో, బంగారం కదూ."

"ఏడవనీ అమ్మా," అంది బాలింత. "నువ్వు ఊరుకో కాసేపు."