పెదవి దాటని పేరు

మా పెదనాయన హుసేనప్పగారు గత శుక్రవారం పుత్తూరులో దైవసన్నిధి చేరారు. పక్కవీధి నుంచి కబురు వస్తే నేను నమ్మలేదు. బుధవారమే ఆయన నా ఎదుట కూర్చుని దూది ఏకారు. నాకు అక్షరాలు దిద్దించినదీ, నమాజు నేర్పినదీ, సూఫీ మార్గంలో దీక్ష ఇచ్చినదీ ఆ పుణ్యాత్ముడే. అటువంటి ఉపకారిని నేను పదేళ్ళు అనుమానించాను. ఆ మాట దాచి ఆయనను స్తుతించడం నాకు చేతకాదు.

ఆయన జీవనం దూదితో, జీవితం ఖాదిరీ తరీఖా అనే ఆ సూఫీ మార్గంతో. ఆ మార్గం ఎట్లా పుట్టిందని చిన్ననాడు అడిగాను. "బాగ్దాదు మహనీయుడు దానికి పేరు పెట్టి పోలేదమ్మా. ఆయన చెయ్యి పట్టుకున్నోళ్ళు ఉండారు, వాళ్ళ చెయ్యి పట్టుకున్నోళ్ళు ఉండారు. ఆ పట్టు తెగకుండా ఈడిదాకా వచ్చినాది" అన్నారు.

ఆ పట్టుకు గుర్తు షజరా. మూలపురుషుడు మొదలు తమ గురువు వరకు వరుసగా చదివే నామావళి. గురువారం సాయంత్రాలు పెదనాయన దానిని గంభీరంగా చదువుతుంటే మేము తలుపు చాటున వినేవాళ్ళం. చివరి గురువు పేరు అయ్యాక మాత్రం ఆయన పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు.

"దూదిలో గింజ దాసినట్ల ఆడొక పేరు దాస్తాడప్పా ఈయన" అని అత్తరు అమ్మే ఖాదరు నలుగురినీ నవ్వించేవాడు. నవ్వు ముదిరి శంక అయింది. ఆర్కాటు నుంచి వచ్చిన ఒక మతపెద్ద ఆయనను సభలోనే నిలదీశారు. ఆ పేరు చెప్పకుంటే పరంపర తెగినట్టే, ఈయన వద్ద దీక్ష పొందినవారికి దీక్షే లేనట్టేనన్నారు. పెదనాయన సలాము చేసి లేచి వచ్చేశారు. సగంమంది రావడం మానేశారు. మా అమ్మ ఆయన ఇచ్చిన దీక్షను నమ్ముకునే కన్నుమూసింది. ఆమె నమ్మినది వట్టిదేనా? ఆయనకు అన్నం వడ్డిస్తూనే ఆ పెదవులను అనుమానంగా చూసేదాన్ని.

బుధవారం తెగించి అడిగాను. "మాయమ్మ సంగతి నాకు తెలియాల, పెదనాయనా."

ఆయన ఏకే విల్లు పక్కన పెట్టారు. "నాకు దీక్ష ఇయ్యకముందే మా గురువు పోయినాడు. పోతా పోతా ఆ అధికారం ఆయన ఇల్లాలికి ఇచ్చినాడు. ఆడోళ్ళకు దీక్ష ఇచ్చేటప్పుడు నేను చెయ్యి పట్టుకోను, గుడ్డ కొస అందిస్తా గదా. ఆ పొద్దు తెరెనక నుంచి ఆయమ్మ నాకు అందించింది."

"ఆ ఆర్కాటాయనకు ఈ మాట చెప్పింటే పోయేది గదా?"

"గోషాలో బతికిన తల్లి పేరు అంతమంది మగోళ్ళలో ఎట్ల పలికేదిమ్మా? నన్ను దొంగ అననీలే."

ఆ పేరు నాకు మాత్రం చెప్పారు. ఇది నన్ను ఊరడించడానికి అల్లిన మాటేమోనన్న శంక అప్పటికీ వదలలేదు. విచారించడానికి ఆ తల్లి తరపువారెవరూ మిగలలేదు. మళ్ళీ అడుగుదామనుకునేలోగా ఆయనే లేకపోయారు.

మూడవనాటి ఫాతెహా ప్రార్థనకు లోపలి గదిలో ఆడవాళ్ళమే కూడాము. షజరా నా చేతికిచ్చారు. చివరి గురువు పేరు అయ్యాక, కాగితంలో లేని ఆ తల్లి పేరు గట్టిగా పలికాను. ఈ పత్రిక మగవారూ చదువుతారు గనుక ఇక్కడ రాయను. మా మేనత్త తలెత్తి, "ఎవురమ్మా ఆయమ్మ?" అంది. పెదనాయనకు గురువన్నాను. ఆమె కొంగు తలమీదికి లాక్కుని ఆ పేరు పలికింది. తక్కినవాళ్ళూ పలికారు.

ఇక వరుసలో పెదనాయన పేరు చేర్చి చదవాలి. కాగితం మేనత్తకు అందించాను. ఆమే చదివింది.