తలకిందులైన పడవ పేరు

జువ్వలదిన్నె హార్బరు దగ్గర సెల్‌ఫోన్ దుకాణం నడిపే ధనలక్ష్మికి ఒక సరదా విద్య వచ్చు. ఇంగ్లీషులో రాసిన పేరును, వింత అక్షరాలు వెతికి కూర్చి, వాట్సాప్‌లో తలకిందులుగా కనిపించేలా చేస్తుంది. కుర్రాళ్లు వరసకట్టేవారు. చిన్నా తన పడవ పేరు ‘గంగాభవాని’ని అలా చేయించి, ఇంటివాళ్లంతా ఉన్న వాట్సాప్ గ్రూపుకు పేరుగా పెట్టి, వేటకు వెళ్లాడు.

మధ్యాహ్నం అతని తల్లి కామమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు. పడవ మీద రోజూ చూసే ఆ ఇంగ్లీషు అక్షరాలు మాత్రం తెలుసు.

“మావోడు సముద్రం మీద ఉండాడు. పడవ పేరు తిరగేస్తావా మే? మీ నాయనదీ వేటే గదా!”

“తిరగబడింది అక్షరాలే గదత్తా, పడవ కాదు గదా.”

“ఆ మాట నోటితో అనబాక! ముందు సరిచెయ్యి.”

గ్రూపు పేరు మార్చే వీలు చిన్నా ఒక్కడికే ఉంది. అతనికి సిగ్నల్ లేదు. ధనలక్ష్మి ఆలోచించి, కామమ్మ ఫోన్‌నే తలకిందులుగా తిప్పి ఆమె చేతిలో పెట్టింది. పేరు నేరుగా కనిపించింది.

కామమ్మ దుకాణం మెట్టు మీద కూర్చుని, తెర ఆరిపోకుండా వేలితో తాకుతూ, పడవ ఒడ్డుకు చేరేదాకా ఫోన్‌ను అలాగే పట్టుకుంది.

ధనలక్ష్మి ఇప్పటికీ మనుషుల పేర్లు తిరగేస్తుంది. పడవ పేరు అడిగితే రాదంటుంది.