ఆరో బల్ల మీద కొట్టిన నలభై ఏడు కాగితాలు

రిజిస్ట్రారు ఆఫీసు ప్రహరీని ఆనుకుని రేకుల షెడ్డు కింద తొమ్మిది టైపు మిషన్లు ఉంటాయి. ఆరో బల్ల ఆమెది. ఇరవై ఆరేళ్లుగా ఆమెదే. వేళ్ల వేగం చూసి ఎవరో టకటకమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగా అనేవాళ్లు కొందరు, వెనకాల అనేవాళ్లు మిగతా అందరూ. ఆ పేరంటే ఆమెకు కోపం లేదు. ఉన్న కోపమంతా క్రషర్ మీదే ఖర్చయిపోయేది.

గుట్ట అవతల కంకర క్రషర్ వచ్చి ఎనిమిదేళ్లు. గుట్ట ఇవతల రెండొందల గడప. పొద్దున ఊడ్చిన అరుగు మధ్యాహ్నానికి పిండి జల్లినట్టు ఉంటుంది. ఆరేసిన బట్టలు దులపకుండా మడత పెట్టిన ఇల్లు ఆ కాలనీలో లేదు. టకటకమ్మ అత్తగారికి డెబ్బై ఒకటి. మూడేళ్లుగా కిటికీ మూసుకుని, ముక్కుకు ఆవిరి మందు గొట్టం తగిలించుకుని కూర్చుంటోంది. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, "ఇంకో ఏడాది ఈ దుమ్ములోనే ఉంచితే మళ్లీ నా దగ్గరికి తీసుకురావక్కర్లేదమ్మా" అన్నాడు. వేరేచోటికి మారండి అని కూడా అన్నాడు. ఎక్కడికి మారతారు? భర్త లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఉన్నవి ఆ రెండు గదులే.

ఇది చాలదన్నట్టు, గుట్టను ఇవతలి వైపు నుంచి కూడా తవ్వుతాం, మరో రెండు మిషన్లు దింపుతాం అని క్రషర్ వాళ్లు దరఖాస్తు పెట్టారు. గోడ అవతలి దయ్యాన్ని తెచ్చి మంచం పక్కన పడుకోబెట్టడమే అది.

కాలనీ కదిలింది. రిటైరైన లెక్చరర్ గారు ముందు నిలబడ్డారు. ముందుకొచ్చినవాళ్లు ఇంటికో తెల్ల దుప్పటి ఒక్క రోజు బయట ఆరేసి, ఇంటి నంబరు చీటీ గుచ్చి, అన్నీ మోసుకెళ్లి కాలుష్యం ఆఫీసు గేటు పొడుగునా కట్టారు. నూట ముప్పై దుప్పట్లు, ఒక్కటీ తెల్లగా లేదు. ఆఫీసరు బయటికి వచ్చాడు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు, "ఉతికించుకోండి" అని లోపలికి పోయాడు. ఆ మాట విన్నాక టకటకమ్మకు రెండు రోజులు అన్నం సయించలేదు. అర్జీలన్నీ ఆమే కొట్టింది, ఒక్కరి దగ్గరా ఏమీ పుచ్చుకోకుండా. ప్రతి అర్జీ మీదా గుండ్రటి ముద్ర పడింది. ముద్ర పడ్డాక అవి ఏ గంగలో కలిశాయో ఎవరూ చెప్పలేదు.

చివరికి ప్రజల అభిప్రాయం వింటామని తేదీ ఇచ్చారు. దానికి వారం ముందు లెక్చరర్ గారు దరఖాస్తు ఫైలు నకలు సంపాదించి, తిన్నగా టకటకమ్మ ఇంటికి తెచ్చారు. కాగితాల భాష తెలిసింది ఆమెకే.

"మన కాలనీ నుంచి నలభై ఏడు ఉత్తరాలున్నాయమ్మా ఇందులో," అన్నారు కుర్చీలో కూలబడి. "విస్తరణకు మాకే అభ్యంతరమూ లేదని రాసిచ్చారట."

"ఎవరా పుణ్యాత్ములు?" అంది లోపలి గదిలోంచి అత్తగారు, గొట్టం పక్కకు తీసి.

లెక్చరర్ గారు పేర్లు చదవసాగారు. కిరాణా కొట్టాయన ఉన్నాడు. అతను దుప్పటి మోసిన మనిషి. రెండేళ్ల క్రితం పోయిన పోస్టుమాను ఉన్నాడు. పంతొమ్మిదో పేరు దగ్గర ఆయన ఆగారు. "ఈవిడెవరో తెలియడం లేదు. వీధి మాత్రం మీదే."

లోపల ఆవిరి మిషన్ చప్పుడు ఆగింది.

"అది నేనే," అంది అత్తగారు.

ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లెవరూ ఇప్పుడు భూమ్మీద లేరు. కోడలికి అత్తయ్య, కొడుక్కి అమ్మ, వీధికి మామ్మ. ఓటర్ల జాబితాలో తప్ప ఆ పేరు ఇంకెక్కడా బతికి లేదు. గోడ పట్టుకుని ముందు గదిలోకి వచ్చి, "ఇంతకీ కింద ఏముంది?" అని అడిగింది.

"వేలిముద్ర ఉందండి."

"వేలిముద్రా?" ఆయాసం తీర్చుకోవడానికి ఒక నిమిషం పట్టింది. "యాభై దాటాక పలక పట్టి సంతకం నేర్చుకున్నాను మాస్టారూ. మా ఆయన నవ్వితే నవ్వనిచ్చాను. ఆ రాళ్ల వెధవ దొంగతనం చేస్తే చేశాడు, నన్ను చదువురానిదాన్ని కూడా చేశాడా?"

టకటకమ్మ ఈ మాటలేవీ వినడం లేదు. కాగితం అడుగున ఎడమ మూల చూస్తోంది. అక్కడ చిన్నగా 6/19 అని ఉంది.

షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి కాగితం అడుగున ఎడమ మూల బల్ల నంబరు, పక్కన గీత, ఆ పనిలో అది ఎన్నో కాగితమో ఆ అంకె కొడతారు. తప్పులున్నాయని కాగితం తిరిగొస్తే ఏ బల్లదో తెలియాలి కదా. పని మారితే అంకె మళ్లీ ఒకటి నుంచి మొదలు. కాగితం కొట్టించుకునే పార్టీలు ఆ మూల చూడరు. చూసినా పట్టించుకోరు.

ఆమె కట్ట లాక్కుని తిరగేసింది. 6/1 నుంచి 6/47 దాకా, ఒక్కటీ తప్పలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. రెండున్నర నెలల కింద దస్తావేజుల బ్రోకరు ఒక నమూనా, ఒక జాబితా తెచ్చాడు. "ఇన్ని కాగితాలు కంప్యూటర్లో తీయించుకోవచ్చుగా?" అని ఆమే అడిగింది. "అన్నీ ఒకే అచ్చులా వస్తాయక్కా. మిషన్ మీదైతే ఎవరికి వారు రాయించుకున్నట్టు ముచ్చటగా ఉంటుంది," అన్నాడు. ఆమె నవ్వింది కూడా. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి సాయంత్రం షెడ్డు మూసేలోపు ముగించింది. తేదీ దగ్గర ఖాళీ వదలమంటే వదిలింది.

చదవలేదు. షెడ్డులో చేరినవాళ్లకు మొదటి పాఠమే అది. అక్షరం కంటి నుంచి వేలికి పోవాలి, మధ్యలో బుర్ర దగ్గర ఆగకూడదు. ఆగితే వేగం చస్తుంది. పైగా రోజంతా కొట్టేవి విడాకులు, తనఖాలు, వారసుల తగవులు. చదువుతూ కూర్చుంటే మనిషి మిగలడు. ఆ ఉత్తరంలో గుట్ట అన్న మాట లేదు, దుమ్ము అన్న మాట లేదు. 'సదరు సర్వే నంబరులోని యూనిట్ విస్తరణకు' అని ఉంది. అలాంటివి వారానికి పది కొడుతుంది. అత్తగారి పేరులోని ప్రతి అక్షరాన్నీ చూసింది. పేరును చూడలేదు.

"ఇవి నేనే కొట్టాను మాస్టారూ," అంది.

అత్తగారే ముందు తేరుకుంది.

"నా చావు కాగితం నా కోడలే కొట్టిందన్నమాట. పోనీలే, బయటివాళ్ల చేతిలో పెట్టలేదు." కాగితం కళ్లకు దగ్గరగా పట్టుకుంది. "పని మాత్రం శుభ్రంగా ఉందే. ఒక్క కొట్టివేత లేదు."

"అత్తయ్యా, నన్ను తిట్టండి."

"తిట్టడానికి ఊపిరి కావాలి అమ్మాయ్. ఉన్నది దాచుకుంటున్నాను."

లెక్చరర్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఈ సంగతి ఈ గది దాటకూడదమ్మా. ఉద్యమంలో ఉన్న మనిషే దొంగ ఉత్తరాలు కొట్టిందంటే పేపరు వాళ్లు ఇంకేమీ రాయరు. సంతకాలు దొంగవి అని మాత్రం అందాం. అది చాలు."

"చాలుతుందా? మన అర్జీలకు పడిన గతే దీనికీ పడుతుంది. ఏ రుజువుందీ అంటాడు. రుజువు ఇదిగో ఈ మూలన ఉంది. చెప్పాల్సింది నేను."

"చెబితే నీ పరువు పోతుంది."

"నా పరువు ఈవిడ ఊపిరికన్నా బరువా మాస్టారూ? ఇన్నాళ్లూ నిజాయితీగా కేకలేశాం. ఉతికించుకోండి అన్నారు. ఇంకా మనం శుభ్రంగా కనపడాలా?"

ఆమె గొంతు అంత పెరగడం ఆయన ఎప్పుడూ చూడలేదు. లేచి వెళ్లిపోయారు.

మర్నాడు షెడ్డులో బ్రోకరును పట్టుకుంది. అతను టీ గ్లాసు కింద పెట్టలేదు.

"అక్కా, నేను తెచ్చాను, మీరు కొట్టారు. మధ్యలో పాపం ఎవరిదంటారు? మిషన్‌ది."

"వేలిముద్రలు ఎవరివి?"

"వేళ్లున్నవాళ్లవి," అన్నాడు. తర్వాత కాస్త దగ్గరికి వచ్చి, "ఇవాళ నా కాగితం గురించి చెబితే రేపు మీ బల్ల ముందు ఎవడు కూర్చుంటాడు? ఆలోచించుకోండి," అన్నాడు.

అతను వెళ్లాక ఒకటో బల్ల పెద్దాయన మెల్లిగా అన్నాడు. "వాడు దొంగే అనుకో. కానీ ఆ చివరి మాట నిజం. కొట్టింది బయటపెట్టే టైపిస్టు అంటే తాళం లేని బీరువా. నీ ఒక్కదాని నోటికి మా ఎనిమిది బల్లలూ పోతాయమ్మా."

బ్రోకరు బెదిరింపు కన్నా ఈ మాటే ఆమెను ఎక్కువ మండించింది.

విచారణ క్రషర్ వాళ్ల స్థలంలోనే పెట్టారు. షామియానా వాళ్లదే, కుర్చీలు వాళ్లవే, మంచినీళ్ల సీసాలూ వాళ్లవే. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ పొద్దున క్రషర్ ఆగింది. రెండు ట్యాంకర్లు తిరిగి రోడ్డంతా తడిపాయి. కాలుష్యం ఆఫీసరు కుర్చీలో కూర్చుని చుట్టూ చూసి, "ఏదీ, దుమ్మేదీ?" అన్నాడు. క్రషర్ మేనేజరు వినయంగా తల వంచుకున్నాడు.

లెక్చరర్ గారు లేచి ఉత్తరాలు దొంగవని అన్నారు. ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు. "అది మీ ఊహ. నలభై ఏడు కుటుంబాలు రాతపూర్వకంగా ఇచ్చాయి. మూడు వారాల్లో, వేరువేరు తేదీల్లో, ఎవరికి వారు వచ్చి ఇచ్చారు. ఇంకెవరైనా ఉన్నారా?"

టకటకమ్మ లేచింది.

"ఆ ఉత్తరాల ఎడమ మూల చూడండి సార్."

"ఏముందక్కడ?"

"ఆరు అని ఉంటుంది. అది నా బల్ల. పక్కనున్నది వరస అంకె. పన్నెండో కాగితం మీద తేదీ చూడండి. తర్వాత నలభయ్యోది చూడండి."

ఆఫీసరు చూశాడు. పన్నెండో కాగితం మీద నెల ఇరవయ్యో తేదీ, నలభయ్యో కాగితం మీద అదే నెల మూడో తేదీ, చేతిరాతతో.

"నలభయ్యో కాగితం పన్నెండో కాగితం కన్నా పదిహేడు రోజులు ముందు పుట్టింది. మూడు వారాలు కాదు సార్, ఒక్క పగలు. అన్నీ నేనే కొట్టాను. ఆ రోజు నా బల్ల దగ్గరికి ఈ కాలనీ మనిషి ఒక్కరూ రాలేదు. వచ్చింది బ్రోకరు, తెచ్చింది జాబితా. అందులో చచ్చిపోయినాయన కూడా ఉన్నాడు."

వెనక వరసలో గోల లేచింది. మేనేజరు లేచి, "సార్, ఈవిడే దొంగ కాగితాలు కొట్టి, ఈవిడే ఫిర్యాదు చేస్తోంది. ముందు కేసు ఈవిడ మీద పెట్టాలి," అన్నాడు.

"పెట్టండి," అంది టకటకమ్మ. "మొదటి పేరు నాదే రాయండి. రెండోది బ్రోకరుది. మూడోది ఎవరిదో అతన్నే అడగండి. అడిగేటప్పుడు నన్నూ పక్కన కూర్చోబెట్టండి."

ఆఫీసరు గొంతు సవరించుకుని గుమాస్తాతో, "నమోదు చేసుకో," అన్నాడు. గుమాస్తా రెండు గీతలు గీకి కలం మూయబోయాడు.

"ఏం రాశావో చదువు బాబూ."

గుమాస్తా ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు గుట్ట వైపు చూశాడు. చదవక తప్పలేదు. "ఒక మహిళ ఉత్తరాల విషయమై అనుమానం వ్యక్తం చేశారు."

"కొట్టెయ్. నాకు అనుమానమేమీ లేదు. ఈ నలభై ఏడూ ఒకే రోజు నా చేత్తో కొట్టాను అని రాయి. బల్ల నంబరు రాయి. తేదీల సంగతి రాయి."

"అమ్మా, అంతా రాస్తే పేజీ సరిపోదు," అన్నాడతను.

"ఇంకో పేజీ తీసుకో."

మూడోసారి చదివాక గానీ ఆమె సంతకం చెయ్యలేదు. ఆ మూడు సార్లూ షామియానా కింద జనం నిలబడే ఉన్నారు. ఎండెక్కి తడిపిన రోడ్డు ఆరిపోయింది. ఉత్తరాలు మారిపోకుండా కట్టకు లక్క ముద్ర వేయించే దాకా కదలనని టకటకమ్మ బల్లకు అడ్డంగా నిలబడింది. ఆఫీసరు విచారణ వాయిదా అన్నాడు, ఎన్నాళ్లకో చెప్పలేదు. అది కూడా రాయమంది.

ఆ మర్నాటి నుంచి పదకొండు రోజులు ఆరో బల్ల ముందు ఎవరూ కూర్చోలేదు. ఆమె మాత్రం రోజూ తొమ్మిదిన్నరకు వచ్చి మిషన్ మీద గుడ్డ తీసేది. పన్నెండో రోజున కిరాణా కొట్టాయన మరో ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చాడు. తమ పేర్ల మీద వచ్చిన ఉత్తరాలు తమవి కావని ప్రమాణ పత్రాలు కావాలన్నారు.

"ముందు మీరు చెప్పండి, నేను వింటాను," అంది ఆమె, ఇంకా కాగితం ఎక్కించకుండా.