కొత్త బాసూ, ఆటోలో పక్క సీటూ

అసలు ఆ పక్క సీటు తీసేయమని ఎవడడిగాడు? ఆట మధ్యలో ఆగిపోతోంది, బాగుచేయండి అన్నాం. ప్రకటనలు తగ్గించండి అన్నాం. కంపెనీవాళ్లు ఆ రెండూ వదిలేసి, ఆట మొత్తంలో బాగున్న ఒక్క ముక్కని వెతికి మరీ పీకేశారు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మా నగరంలోనే పుట్టిన ఒక చిన్న కంపెనీ ఫోన్లో ఆడుకునే ఆటోల ఆట తయారుచేసింది. ఇద్దరు రెండు ఫోన్లలో ఒకే ఆటో నడపాలి. ఒకరు హ్యాండిల్ తిప్పుతారు. రెండోవాళ్లది పక్క సీటు: డ్రైవర్ సీటులోనే ఇరుక్కుని కూర్చున్న దోస్తులా హారన్ కొడుతూ, చెయ్యి బయటపెట్టి దారి ఇమ్మని సైగ చేస్తుంటారు. తార్నాక చౌరస్తాలో కాసేపు నిలబడండి, ఇలా దోస్తుని ఎక్కించుకున్న ఆటో ఒకటైనా కనబడకపోతే నన్నడగండి. ఈ రోడ్ల మీద తిరిగినవాడెవడో చేసిన ఆట అది.

హ్యాండిల్ నాది, హారన్ మా చెల్లెలిది. సీతాఫల్‌మండిలో మాది ఇరుకు ఇల్లు. మామూలుగా నోరు విప్పితే ఇద్దరికీ కొట్లాటే. ఆటలో మాత్రం, "అన్నా, ఎడమకు గుంజు, బస్సొస్తున్నది" అని అదంటే నేను మారుమాట లేకుండా గుంజేవాణ్ణి. గెలిస్తే ఇద్దరం కలిసి నవ్వేవాళ్లం. పక్క సీటు పోయాక మా మధ్య మిగిలిన మాటలు రెండే: చార్జర్ ఏది, లైటార్పు.

అందుకే, కంపెనీ మునుగుతోంది, పాత బాసుని సాగనంపి కొత్తాయన్ని తెచ్చారు అన్న వార్త ఫోన్లో చూడగానే క్లాసులో లేచి నిలబడిపోయాను. నాకేదో డౌటొచ్చిందనుకుని లెక్చరర్ మురిసిపోయారు.

కొత్తాయన అంతకుముందు ఒక షాంపూ కంపెనీని నిలబెట్టాడట. తార్నాక హోటల్లో చాయ్ తాగుతూ మా బ్యాచ్ నన్ను వాయించింది.

"షాంపూలోడు ఆటో నడుపుతడా భాయ్?"

"సరుకు అమ్మే తెలివున్నోనికి ఏది మంచిగున్నదో గది కూడ తెలుస్తది. ఊకోండ్రి," అన్నాను.

"అయితే తలస్నానం జేసి రెడీగుండు."

ఆ కొత్తాయనే మా క్యాంపస్‌కి ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చాడు. పొద్దున్నే చెల్లెలు గుమ్మం దాకా వచ్చి, "అన్నా, అడుగుడైతే గట్టిగనే అడుగు, లొల్లి పెట్టుకోకు," అంది. చాన్నాళ్లకి అది నాతో మాట్లాడిన పెద్ద మాట.

ఆయన కలల గురించి, కసి గురించి చెప్పి చెప్పి అలిసిపోయాక మైకు నా చేతికొచ్చింది.

"సార్, పక్క సీటు మళ్లెప్పుడు తెస్తరు?"

"పక్క సీటా? అది ప్రీమియం ప్లానా?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

నేను వేదిక దగ్గరికెళ్లి ఫోన్లో దాచుకున్న పాత ఆట వీడియో చూపించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని చూశాడు. "ఒక ఆటోకి ఇద్దరెందుకండీ? ఒకరికి జీతం దండగ కదా."

"మీరెప్పుడన్న గీడ ఆటో ఎక్కిన్రా సార్?"

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. పక్కనున్న మనిషితో, మంచి సూచన, రాసుకోండి అన్నాడు. నేను ఇంటికొచ్చి, "రాసుకున్నరే. ఇగ పక్కా," అని చెల్లెలికి చెప్పాను. అది వెంటనే ఆట కోసం తన ఫోన్ చార్జింగ్‌లో పెట్టుకుంది.

కొత్త అప్‌డేట్ రానే వచ్చింది. మీరు కోరిన పక్క సీటు ఇదిగో, అన్నారు. డబ్బు కడితే డ్రైవర్ పక్కన ఒక బొమ్మ కూర్చుంటుంది. హారన్ అదే కొడుతుంది. మలుపు తిప్పినప్పుడల్లా, భలే నడిపావు అని మెచ్చుకుంటుంది కూడా.

చెల్లెలు నా భుజం మీదుగా చూసింది. "నా జాగల బొమ్మను కూసోబెట్టిన్రా?"

"నీకంటే తక్కువ తిడుతది," అన్నాను.

అది చార్జర్ పీక్కుని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు షాంపూ ఆయన కూడా వెళ్లిపోతున్నాడని వార్త. "ఈసారెవడు, సబ్బులోడా?" అంటోంది మా బ్యాచ్. అననీ. నేను ఆట డిలీట్ చేయలేదు, చేయను. వచ్చేవాడెవడైనా సరే, కుర్చీ ఎక్కే ముందు ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని పాత ఆట ఒక్కసారి ఆడి చూడాలి. నేను అడిగేది అంతే. ఇది కూడా పిచ్చి ఆశే అనేవాళ్లుంటే ముందు ఇది చెప్పండి: మీ అన్నతోనో చెల్లెలితోనో చివరిసారి కొట్లాడకుండా కూర్చుని నవ్వింది ఎప్పుడు?