మామూలు వేగం

మనిషి సైకిలు మీద ఎంత వేగంగా వెళతాడు? పందెం తొక్కే కుర్రాడి సంగతి కాదు. పొద్దున్నే ఒక చేత్తో అట్టు తింటూ, ఇంకో చేత్తో హ్యాండిల్ పట్టుకుని కార్ఖానాకు బయల్దేరే మామూలు మనిషి సంగతి. బీజింగ్‌కు రైల్లో ఆరు గంటల దూరంలో ఉన్న మా నగరంలో, ఆ లెక్క చెప్పడానికే జీతం తీసుకున్న మనిషి ఒకామె ఉండేది. పేరు గెంగ్ షులాన్. పదకొండేళ్ళు ఆమె చెప్పిన లెక్క ఒక్కటే, గంటకు పద్దెనిమిది కిలోమీటర్లు. అది తప్పు లెక్క. ఆ తప్పు బయటపెట్టింది కూడా ఆమే, దానికి మూల్యం చెల్లించుకున్నదీ ఆమే.

పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఉత్తరపు వంతెన దిగి వచ్చే సైకిళ్ళకు అంతుండేది కాదు. ఇప్పటి పిల్లలకు చెబితే కోతలంటారు గానీ, ఆ రోజుల్లో గంటల మోతకు పక్కనున్నవాడి మాట వినబడేది కాదు. వంతెన దిగాక చదునుగా ఉన్నచోట రోడ్డుకు అడ్డంగా రెండు తెల్ల గీతలు ఉండేవి. వాటి మధ్య సరిగ్గా యాభై మీటర్లు. రెండో గీత దగ్గర కాలిబాట మీద షులాన్ నిలబడేది. ఎడమ జబ్బకు నగర రోడ్ల కార్యాలయం వాళ్ళిచ్చిన ఎర్రపట్టీ, మెడలో స్టాప్‌వాచీ, చేతిలో పుస్తకం. గుంపులోంచి ఎవరో ఒకరిని ఎంచుకుని, వాళ్ళ ముందు చక్రం మొదటి గీతను తాకగానే వాచీ నొక్కేది, రెండో గీత తాకగానే మళ్ళీ నొక్కేది. సగటున పది సెకన్లు వచ్చేది. ఎండాకాలమైనా చలికాలమైనా అంతే. సైకిలు దిగి నడిపించుకుంటూ పోయేవాళ్ళను లెక్కలో వేయొద్దని నిబంధన. రోజూ ఇరవై ముప్ఫైమంది అలాంటివాళ్ళు తగిలేవారు. పాపం అలసిపోయినట్టున్నారని ఆమె జాలిపడేది.

ఇంట్లో ఆమె కోసం ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు. పెళ్ళయిన రెండో నెలలోనే మొగుణ్ణి నైరుతి కొండల్లోని ఒక కార్ఖానాకు పంపించేశారు. ఏడాదికొకసారి నెల రోజులు సెలవు మీద వచ్చేవాడు. అలా పన్నెండేళ్ళు. అన్నీ కలిపి చూస్తే ఏడాది కాపురం. తర్వాత ఊపిరితిత్తుల జబ్బుతో అక్కడే పోయాడు. ఒక పెట్టెలో బూడిద వచ్చింది, దాంతోపాటు పెచ్చులూడిన ఎనామిల్ మగ్గు. పిల్లలు లేరు. కార్యాలయంలోని ఆడవాళ్ళు ఊరుకోలేక రెండు సంబంధాలు తెచ్చారు. మొదటాయన సినిమాహాల్లో ఆమె పక్కన కూర్చుని గుర్రుపెట్టి నిద్రపోయాడు. రెండో ఆయన ఆమె చేసిన నూడుల్స్‌లో ఉప్పు తక్కువైందని మూడుసార్లు చెప్పాడు. ఇక చాలు తల్లీ, నన్నొదిలెయ్యండి అని దణ్ణం పెట్టేసింది. సాయంత్రం గదిలో ఒక్కతే గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు గోడవతల మొగుడూపెళ్ళాలు పోట్లాడుకుంటే తినడం ఆపి వినేది. ఎవరు గెలిచారన్నది ఆమెకు అక్కర్లేదు. మనిషి గొంతు వినబడితే చాలు.

అందుకని ఆమెకు మనుషులంటే పొద్దుటి సైకిళ్ళవాళ్ళే. బాతుల బుట్ట కట్టుకుని పోయేవాణ్ణి, గొడుగు వెన్నుకు దోపుకునే లెక్కల గుమాస్తాను, ఒకే రంగు చొక్కాలు తొడుక్కునే అన్నదమ్ముల్ని ఆమె దూరం నుంచే గుర్తుపట్టేది. ఎవరైనా వారం రోజులు కనబడకపోతే ఒంట్లో బాగాలేదేమోనని బెంగపడేది. ఒక్కొక్కరితో పది సెకన్ల సావాసం, అంతే. వాళ్ళు మాత్రం ఒక్కరూ ఆమె వంక చూసేవారు కాదు. తలొంచుకుని, పెడళ్ళ మీద బరువంతా వేసి దూసుకుపోయేవారు. మా ఊరి జనం ఎంత చురుకో అని మురిసిపోయేది, పిచ్చిది.

ఇదంతా ఇలాగే సాగిపోయేదేమో, ఆ కొత్త రహదారి వేయకపోతే. వంతెనకు అరకిలోమీటరు అవతల సైకిళ్ళ దారికి అడ్డంగా యాభై మీటర్ల వెడల్పున రోడ్డు వేశారు. దాని మీద రాత్రీపగలూ బొగ్గు లారీలే. కూడలిలో దీపాలు పెట్టారు. సైకిళ్ళ దీపం ఎర్రబడ్డాక, ఆఖరున రోడ్డులోకి దిగినవాడు అవతలికి చేరేదాకా లారీలను ఎన్ని సెకన్లు ఆపాలి? కార్యాలయంవాళ్ళు షులాన్ పుస్తకం తెరిచారు. యాభై మీటర్లకు పది సెకన్లు. సరే పదే పెట్టమన్నారు. మూడు నెలలు తిరక్కుండా నలుగురు నడిరోడ్డు మీద ఇరుక్కుపోయారు. నాలుగో ఆయన షులాన్ ఉండే ఉమ్మడి వాకిట్లోనే ఎదురుగది మెంగ్ బాబాయి. స్నానాల హాల్లో వీపులు రుద్ది పదవీవిరమణ చేసిన మనిషి, దగ్గర దగ్గర డెబ్భై ఏళ్ళు. లారీ సైకిలు వెనక చక్రాన్ని కొట్టింది, తొడ ఎముక విరిగింది.

పాకంలో ఊరిన పీచ్ పళ్ళ సీసా పట్టుకుని షులాన్ చూడబోయింది. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఆయన రేడియో వింటున్నాడు. దీపం చూసుకోకుండా ఎందుకు దిగావు బాబాయ్ అని కాస్త కోపంగానే అడిగింది.

"దిగినప్పుడు పచ్చగానే ఉందమ్మాయ్. నాకు విరిగింది కాలు, కళ్ళేం పోలేదు. సగం దూరం వచ్చానో లేదో లారీలు మీదకొచ్చేశాయి. ఆ దీపం పెట్టినవాడెవడోగానీ, వాడి అమ్మానాన్నలు జన్మలో సైకిలెక్కి ఉండరు."

షులాన్ మొహం మాడిపోయింది. ఆ లెక్క తనదేనని చెప్పింది. ఆయన సైకిలును కూడా తాను చాలాసార్లు కొలిచానని, ప్రతిసారీ పది సెకన్లలోపే దాటాడని వాదించింది.

మెంగ్ బాబాయి నవ్వబోయి, కాలు కలుక్కుమంటే ఆగిపోయాడు. "నీ దగ్గరా? నీ దగ్గర తొక్కక ఏం చేస్తాం! ఎర్రపట్టీ కట్టుకుని, పుస్తకం పట్టుకుని నిలబడితివి. నా సైకిలుకు పన్ను బిళ్ళ లేక రెండేళ్ళయింది. వంతెన మీంచి నువ్వు కనబడగానే అందరం ఊపిరి బిగబట్టి తొక్కుతాం. నిన్ను దాటాక కాళ్ళు వదిలేస్తాం. వెనక మనిషిని ఎక్కించుకున్నవాడైతే ముందే దింపేసి నడుస్తాడు. ఇన్నేళ్ళుగా నీకు తెలీదా?"

ఆమెకు తెలీదు. ఒక్కరి బిళ్ళా అడిగిన పాపాన పోలేదు, ఒక్కరికీ జరిమానా రాయలేదు. అది తన పని కూడా కాదు. కానీ ఆ సంగతి వంతెన దిగేవాళ్ళకు ఎవరు చెప్పారు గనక? పదకొండేళ్ళుగా తాను చురుకనుకున్నది భయం. తన సావాసమనుకున్న ఆ పది సెకన్లూ వాళ్ళు తన నుంచి పారిపోతున్న పది సెకన్లు. ఆ పీచ్ పళ్ళ సీసా మూత తానే తీసి ఆయనకు పెట్టి, ఒక్క ముక్క కూడా నోట పెట్టకుండా లేచి వచ్చేసింది.

మర్నాడు ఎర్రపట్టీ తీసి సొరుగులో పడేసింది. ఇసుక గాలుల రోజులు కావడంతో ఆడవాళ్ళంతా మొహానికి పలచటి గుడ్డ కట్టుకుని తొక్కేవారు. తానూ ఒకటి కట్టుకుని, సైకిలెక్కి గుంపులో కలిసింది. నూలు మిల్లు గోడ వెంబడి యాభై మీటర్ల ఎడంలో ఉన్న రెండు దీపస్తంభాలను ముందే తాడుతో కొలిచి పెట్టుకుంది. ఎవరో ఒకరి వెనకే తొక్కుతూ, చేతి తొడుగులో దాచిన వాచీని నొక్కేది. వచ్చింది పద్నాలుగు సెకన్లు. మళ్ళీ చూసింది. పద్నాలుగే. ముసలివాళ్ళకు పదహారు. మూడు వారాల్లో నాలుగువందల మందిని అలా కొలిచింది. మా జనం నింపాదిగా తొక్కుతారండీ, గంటకు పదమూడు కిలోమీటర్ల లోపే. మాట్లాడుకుంటూ, దగ్గుతూ, పక్కవాడి బుట్టలో ఏముందో తొంగిచూస్తూ పోతారు.

ఆ మూడు వారాలూ షులాన్ జీవితంలో వింత రోజులు. మొదటి వారంలోనే ఒక టీచరమ్మ ఆమె పక్కకు చేరి, "అక్కా, నువ్వు కాస్త ఎడమవైపుకు వస్తావా, గాలంతా నీకు తగుల్తుంది, నేను హాయిగా వస్తాను" అంది. షులాన్‌కు నవ్వాగలేదు. అప్పట్నుంచి రోజూ వంతెన దగ్గర ఆ టీచరమ్మ ఆమె కోసం ఆగేది. అత్తగారి పిసినారితనం గురించీ, కొడుకు కోడిగీతల రాత గురించీ చెప్పేది. షులాన్ తన గురించి ఏమీ చెప్పలేదు. ఎక్కడ పనిచేస్తావని ఒకసారి అడిగితే, గుమాస్తానని సర్దేసింది. తర్వాత ఒకరోజు గాలి తగ్గింది. అందరూ మొహాల మీది గుడ్డలు తీసేశారు. ఆరోజు షులాన్ వంతెన వైపు వెళ్ళలేదు. లెక్క ఎలాగూ పూర్తయిందని తనకు తాను చెప్పుకుంది. లెక్క నిజంగానే పూర్తయింది, కానీ వెళ్ళకపోవడానికి కారణం అది కాదని ఆమెకు తెలుసు.

విభాగాధికారి థాన్ ఆమె కంటే పదేళ్ళు చిన్న, మంచివాడే, కాకపోతే ఒట్టి పిరికి. కొత్త లెక్కలు చూసి నీళ్ళు నమిలాడు. పాత అంకె మీద ఒక్క కూడలి కాదు, నగరంలో మొత్తం ముప్ఫై కూడళ్ళ దీపాలు ఆధారపడి ఉన్నాయి. అంకె మారిస్తే ఎందుకు మారిందో కాగితం మీద రాసివ్వాలి. కాసేపు బల్ల మీద వేళ్ళతో దరువేసి ఒక దారి చెప్పాడు.

"వాచీ తప్పు చూపించిందని రాసెయ్, గెంగక్కా. పాతది కదా, ఎవరూ అడగరు. నీ పరువూ దక్కుతుంది, నా పరువూ దక్కుతుంది."

షులాన్ ఆ మాట కాదనలేదు వెంటనే. ఎంత తేలికైన దారి! తప్పు ఇనుప ముక్క మీదకు పోతుంది. ఆలోచించి చూశాక మాత్రం తల అడ్డంగా ఊపింది.

"అలా రాస్తే కొత్త వాచీ ఇచ్చి మళ్ళీ అక్కడే నిలబెడతారు, థాన్ గారూ. మళ్ళీ పదే వస్తుంది. దీపమూ పది దగ్గరే ఉంటుంది. మెంగ్ బాబాయి కాలుతో బయటపడ్డాడు, తర్వాతివాళ్ళ సంగతేంటి?"

"మరేం రాస్తానంటావు?"

"నన్ను చూసి జనం పారిపోతున్నారని రాస్తాను."

థాన్ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. అది రాస్తే రోడ్డు మీద పని ఇక ఆమెకు ఉండదని, ఆ కాగితం పెద్దవాళ్ళ ముందు పైకి చదువుతారని, నవ్వుకుంటారని మెల్లగా నచ్చజెప్పాడు. ఆమె అతని బల్ల మీదున్న కలమే తీసుకుంది. గత పదకొండేళ్ళ లెక్కలు మామూలు వేగానివి కావు, నేను కనబడగానే జనం జోరు పెంచారు, దానికి కారణం నేనే, దయచేసి కూడళ్ళలో పది సెకన్లకు బదులు పదహారు ఇప్పించండి అని రాసి, కింద సంతకానికి బదులు తన పేరు చెక్కిన ముద్ర వేసింది. ముద్ర కాస్త వంకరగా పడింది.

థాన్ అన్నంతా జరిగింది. సమావేశంలో కాగితం పైకి చదివారు. ఆవిణ్ణి చూస్తే నేనైనా పరిగెడతానని ఒకాయన అన్నాడు, గది గదంతా నవ్వింది. షులాన్ గోడ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. తలకాయ కొట్టేసినట్టయింది ఆమెకు. మొహం ఎటు తిప్పుకోవాలో తెలియక చేతిలోని టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయింది. అయితే మన పెద్దవాళ్ళు నవ్వినా పని మాత్రం చేశారు. ఇద్దరు కుర్రాళ్ళను మామూలు బట్టల్లో, చిలగడదుంపలు కాల్చేవాడి బండి పక్కన కూర్చోబెట్టి కొలిపించారు. పద్నాలుగు, పదహారు, అచ్చం ఆమె చెప్పినట్టే. దీపాల గడువు మార్చాలని ఉత్తర్వు వచ్చింది. షులాన్‌ను రంగు డబ్బాలూ పాత సూచిక పలకలూ పెట్టే గోదాముకు బదిలీ చేశారు. అక్కడ మాట్లాడటానికి పిల్లి కూడా లేదు.

దీపాలు మార్చిన మొదటిరోజు ఆమె పనికి ముందు కూడలికి వెళ్ళింది. ఎవరూ రమ్మనలేదు. అవతలి గట్టు మీద మూసి ఉన్న నూడుల్స్ కొట్టు ముందు మామూలు చొక్కాతో, ఖాళీ చేతులతో నిలబడి చూసింది. సైకిళ్ళ గుంపు దాటింది. దీపం ఎర్రబడబోతుండగా ఉల్లికాడల కట్టలు వేసుకున్న ఒక ముసలామె, ఆమె వెనక ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు రోడ్డులోకి దిగారు. దీపం మారింది. లారీలు కదల్లేదు. ముసలామె తన మానాన తాను నింపాదిగా తొక్కుకుంటూ వస్తోంది. షులాన్ కడుపు చల్లబడింది.

అంతలో ముసలామె తలెత్తి ఇటు చూసింది. జబ్బకు పట్టీ లేకపోతేనేం, పదకొండేళ్ళుగా చూసిన మొహం. గతుక్కుమని సీటు మీంచి లేచి, శక్తంతా కూడదీసుకుని తొక్కసాగింది. హ్యాండిల్ అటూ ఇటూ ఊగింది. ఒక కట్ట జారి రోడ్డు మీద పడినా ఆగలేదు. వెనకున్న ఇద్దరూ తలలొంచుకుని ఒకరినొకరు రాసుకుంటూ తోసుకొచ్చారు.

భయం లేదమ్మా, మెల్లగా రండి అని అరుద్దామనుకుంది షులాన్. తాను అరిస్తే ఇంకా బెదిరిపోతారు. ఏం చేయాలో ఆమెకు ఒక్కటే తోచింది. వాళ్ళకు వీపు చూపిస్తూ, కొట్టు తలుపుల వైపు తిరిగి నిలబడింది. వెనక పెడళ్ళ కిర్రుమోత కాసేపటికి నెమ్మదించింది. ఆమె లోపల్లోపల లెక్కపెట్టుకుంది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. మూడు సైకిళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి గట్టెక్కాయి. ముసలామె ఎవరితోనో, బతికిపోయాం, చూడలేదు అంది. లారీలు కదిలాయి. ఆ గుంపు, దాని తర్వాతి గుంపు, ఆ తర్వాతిదీ దాటిపోయేదాకా షులాన్ ఇటు తిరగలేదు.