సారెకు చెవి పెట్టే మనిషి

ఉప్పల్‌లో నేను మట్టిపని నేర్పే గదికి ఆదివారాలు వచ్చేదామె. ఇంట్లో కుండలు చేసుకోవడానికి ఒక మోటారు సారె చూపించమంటే, లారీల దుమ్ములో నాచారంలో సారెలు అమ్మే షెడ్లన్నీ వెంటబెట్టుకుని తిప్పాను. ఎంత మట్టి మోస్తుంది, వేగం ఎంతవరకు తగ్గుతుంది అని అందరూ అడుగుతారు. ఆమెకు అవేవీ పట్టేవి కాదు. తిరుగుతున్న సారె పక్కన వంగి, చెవి దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని వినేది.

"సప్పుడైతుంది మేడం. మా ఆయన నైట్ డ్యూటీ జేసొచ్చి పగలు పండుకుంటడు. ఉన్నది ఒక్కటే రూమాయె," అనేది.

తిరిగి తిరిగి నాకు విసుగొచ్చింది. చివరికి ఒక షెడ్డులో, తిరుగుతోందో లేదో కూడా తెలియని సారె దొరికింది. చాలాసేపు విని, "వచ్చే నెల తీస్కుంట," అంది. ఆ నెల రాలేదు. నా గదికి రావడమూ మానేసింది.

మొన్న వేసవిలో మళ్ళీ వచ్చింది. చిక్కిపోయింది. ఏమైందని నేను అడిగితే గాని భర్త పోయాడని చెప్పలేదు. ఇద్దరం ఆ షెడ్డుకే వెళ్ళాం. షెడ్డాయన గుర్తుపట్టి, ఆ చప్పుడు లేని సారెనే ఆన్ చేశాడు. ఆమె ఎప్పటిలాగే వంగి, కళ్ళు మూసుకుని వింది. తర్వాత లేచి, మూలనున్న పాత బెల్టు సారె తిప్పమంది. అది షెడ్డంతా గరగరలాడించింది.

"గిదే ఇయ్యన్నా," అంది. "ఇంట్ల అస్సలు సప్పుడే లేదు."