మారిన అర్థం

నిఘంటువు కార్యాలయంలో ఆవిడ ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. చేరిన కొత్తలోనే, 'శాంతివాది' అన్న మాటకు 'యుద్ధమంటే జంకేవాడు' అన్న అర్థం చూసి ఆవిడ మనసు చివుక్కుమంది. యుద్ధం వచ్చినప్పుడు ఆవిడ అన్నయ్య, సైన్యంలో చేరి తీరాలని ఆజ్ఞ వస్తే, తుపాకి పట్టనని చెప్పి రెండేళ్లు జైల్లో ఉన్నాడు. వీధివాళ్లు అతన్ని మొదట పిరికివాడన్నారు, తర్వాత ద్రోహి అన్నారు.

ఆ అర్థం మార్చమని ఆవిడ ప్రతి ముద్రణకూ సంపాదకుడికి చీటీ రాసేది. "జనం అలాగే వాడుతున్నారమ్మా" అని ఆయన దాటవేసేవాడు.

ఈ ఏడు కొత్త సంపాదకురాలు వచ్చి ఆ చీటీలన్నీ చదివింది. ఇప్పటి పత్రికల్లో ఆ మాట వాడుకను వెతికించింది. నిన్న ప్రూఫులో కొత్త అర్థం వచ్చింది: 'యుద్ధం చేయడం తప్పు అని నమ్మి, అందులో పాల్గొనడానికి నిరాకరించే వ్యక్తి.'

ఆవిడ కళ్లు తుడుచుకుని, తప్పులేవీ లేవని సంతకం పెట్టింది. సాయంత్రం అన్నయ్య గడియారాల దుకాణానికి వెళ్లి చదివి వినిపించింది.

అన్నయ్య కంటికున్న భూతద్దం తీశాడు. "నాకు భయం కూడా వేసింది కదే. అది రాయలేదా?"

"ఊరుకో అన్నయ్యా! ఈ మాత్రానికే ముప్పై ఏళ్లు పట్టింది."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఎన్నాళ్లకో ఆవిడకు ప్రాణం తెరిపినపడింది.